వానాకాలంలో ఫిలిప్పీన్స్ మిషన్‌కి వెళ్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కొన్ని జాగ్రత్తలు

మిషన్ సేవకు రమ్మని మా సంఘం పంపే పిలుపు ఉత్తరంలో ఫిలిప్పీన్స్ అని కనబడగానే ఇంట్లో అందరూ మ్యాప్ తీసి దూరం కొలుస్తారు. మీరు మాత్రం క్యాలెండర్ చూడండి. అక్కడ జూన్ నుంచి నవంబర్ దాకా వానలు, తుఫాన్లు. ఏడాదికి సగటున 20 తుఫాన్లు ఆ దేశం పరిధిలోకి వస్తాయి. అన్నీ తీరం దాటవు గానీ, రెండేళ్లు ఉండే మనిషికి ఒక్కటైనా ఎదురుపడకుండా పోదు.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. బయటివాళ్లు మార్మన్లు అంటారు. మా అబ్బాయిలు 18 నిండాక 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు జీతం లేకుండా సేవకు వెళ్తారు. ఏ దేశమో, ఏ ఊరో మనం ఎంచుకోలేం. నల్ల బ్యాడ్జి మీద ఎల్డర్ అనో సిస్టర్ అనో ముందుండి, తర్వాత ఇంటిపేరు ఉంటుంది. నేను విసాయాస్ దీవుల్లో చేసి వచ్చాను. అక్కడ నన్ను ఎక్కువ దెబ్బ తీసింది తుఫాను కాదు, ఒంట్లో బాగోలేనప్పుడు నోరు విప్పకపోవడం. ఆ కథ కాసేపాగి చెప్తాను. ముందు సామాను.

బూట్లు రెండు జతలు ఉండాలి. ఒక జత తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి, రెండో జత వేసుకోండి. తడి బూట్లతో వారం తిరిగితే కాలివేళ్ల మధ్య ఒరుసుకుపోయి నడవలేరు, మన పనేమో అంతా నడకే. పళ్లు ఇక్కడే చూపించుకోండి. పుచ్చిన పన్ను ప్రార్థనకు తగ్గదు, పరాయి ఊళ్లో అర్ధరాత్రే నొప్పి మొదలవుతుంది. టైఫాయిడ్, హెపటైటిస్-ఏ టీకాల గురించి, కుక్కకాటుకు ముందస్తు టీకా గురించి డాక్టర్‌ని అడిగి బయల్దేరండి. పాస్‌పోర్ట్ కాపీ ఒకటి అమ్మ దగ్గర, ఒకటి మీ ఫోన్లో. ఆవకాయ తీసుకెళ్లొద్దని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. మూత మీద టేపు మాత్రం రెండు చుట్లు వేయండి.

ఇక తుఫాను. ఇక్కడ మన కోస్తావాళ్లు ఒక పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. మచిలీపట్నం, విశాఖ రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు 11 దాకా ఉంటాయి కదా. మూడో నంబరు అంటే మనకి పెద్ద లెక్క కాదు, పదో నంబరు అంటేనే గుండె ఝల్లుమంటుంది. ఫిలిప్పీన్స్ వాతావరణ సంస్థ పగాసా ఇచ్చే గాలి సిగ్నళ్లు మొత్తం ఐదే. ఒకటో నంబరంటే గంటకు 39 కిలోమీటర్ల నుంచి గాలి. మూడు అంటే 89 నుంచి 117. రేకులు లేచిపోయే గాలి అది. ఐదు అంటే 185 దాటినట్టు. ‘మూడే కదా, ఒక్క ఇల్లు చూసుకుని వద్దాం’ అన్నది నేనే. నా కంపానియన్, అంటే జంటగా ఉండి పనిచేసే తోటి మిషనరీ, మిండనావో దీవి కుర్రాడు. నా వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి తలుపు గడియ పెట్టేశాడు. అతను చేసిందే సరైన పని.

తుఫాన్లకి వాళ్లు సొంత పేర్లు పెట్టుకుంటారని కూడా గుర్తుంచుకోండి. ప్రపంచం హైయాన్ అన్నదాన్ని అక్కడ యోలాండా అంటారు. ఇంటివాళ్లు ఇక్కడి వార్తల్లో ఒక పేరు విని, మీరు ఇంకో పేరు చెప్తే రెండు తుఫాన్లు వస్తున్నాయని కంగారు పడతారు.

యోలాండా 2013 నవంబర్ 8న టక్లోబాన్ నగరం మీద పడింది. ఆరు వేలమందికి పైగా పోయారు. చాలామందిని తీసుకెళ్లింది గాలి కాదు, సముద్రం. హెచ్చరికలో ‘స్టార్మ్ సర్జ్’ అన్నారు, ఆ మాట జనానికి ఎక్కలేదు. సునామీ అని ఉంటే పరుగెత్తేవాళ్లమని తర్వాత చాలామంది చెప్పుకున్నారు. మనకా ఇబ్బంది లేదు. 1977 నవంబర్ 19 దివిసీమ తర్వాత ఉప్పెన అనే మాటకి అర్థం మన దగ్గర చిన్నపిల్లలకీ తెలుసు. అక్కడ రేడియోలో స్టార్మ్ సర్జ్ అని వినబడితే మనసులో ఉప్పెన అని తర్జుమా చేసుకోండి, కాళ్లు వాటంతటవే ఎత్తైన చోటికి కదులుతాయి. ఆ రోజు టక్లోబాన్ మిషన్‌లో ఉన్న మిషనరీలందరూ ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లని మనీలాకి తీసుకెళ్లి, తర్వాత వేరే మిషన్లకి పంపారు.

సిగ్నల్ ఇవ్వకముందే చేయాల్సిన పనులున్నాయి. తాగునీళ్లు అమ్మే నీళ్ల స్టేషన్ నుంచి 20 లీటర్ల క్యాన్లు రెండు నింపి పెట్టుకోండి, కుళాయి నీళ్లు తాగొద్దు. మూడు రోజులకు సరిపడా వండక్కర్లేని తిండి, టార్చి, ఫుల్ ఛార్జింగ్ ఉన్న పవర్‌బ్యాంక్, చేతిలో కొంత నగదు. కరెంటు పోతే ఏటీఎం కూడా పోతుంది. కరెంటు కోతని అక్కడ బ్రౌనౌట్ అంటారు, నాలుగు రోజుల బ్రౌనౌట్ వింత కాదు. మధ్యలో ఉన్నట్టుండి గాలి ఆగి ఎండ కాస్తే బయటికి రావద్దు. తుఫాను కన్ను మీ మీదుగా పోతోందన్నమాట, వెనకున్న గాలి గోడ రెండో వైపు నుంచి కొడుతుంది. ఇల్లు వదిలి వెళ్లమని, అక్కడి మిషనరీలందరికీ పెద్ద అయిన మిషన్ ప్రెసిడెంట్ నుంచి మెసేజ్ వస్తే బైబిలు, మార్మన్ గ్రంథం, పాస్‌పోర్ట్, మందులు. మిగతావి వదిలేయండి.

గాలి వెళ్లిపోయాక అసలు బెడద మొదలవుతుంది. సంఘం మనుషుల ఇళ్లలో బురద ఎత్తడానికి పసుపు చొక్కాలేసుకుని వెళ్తాం, మంచి పనే. కానీ ఆ నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. చిన్న గీత ఉన్నా లెప్టోస్పైరోసిస్ ఎక్కుతుంది, మన పల్లెల్లో ఎలుక జ్వరం అంటారు. గమ్‌బూట్లు లేకపోతే దిగొద్దు. దిగాల్సి వచ్చిందంటే అదే రోజు సబ్బుతో కడుక్కుని, మిషన్‌లో ఆరోగ్యం చూసేవాళ్లకి చెప్పండి. ముందుజాగ్రత్త మాత్ర అవసరమో లేదో డాక్టర్ చెప్తారు, మీ అంతట మీరు మింగొద్దు. తర్వాతి వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

నా కథ ఇది కాదు, దోమది. ఆగస్టులో ఒళ్లు కాలిపోతోంది, కళ్ల వెనక నొప్పి. ‘ఎండ దెబ్బ’ అన్నాను. ఆ వారం ఒక కుటుంబానికి బాప్తిస్మం ఉంది. అది తప్పిపోతే నా విశ్వాసం తక్కువని అందరూ అనుకుంటారని టెన్షన్. అందులో ఆదివారం ఉపవాసం కూడా చేశాను, పచ్చి నీళ్లు ముట్టకుండా. జ్వరంతో ఉన్నవాడు ఉపవాసం ఉండాలని ఎవరూ అడగలేదు, నేనే గొప్పకు పోయాను. నాలుగో రోజు జ్వరం తగ్గింది, లేచి షర్టు ఇస్త్రీ చేస్తూ కూలబడ్డాను. డెంగీలో ప్రమాదం జ్వరం తగ్గేటప్పుడే మొదలవుతుందని డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం ఉంటే నిమిషం ఆగొద్దు. పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ముట్టొద్దు. బాప్తిస్మం నేను లేకుండానే జరిగింది, చాలా బాగా జరిగిందట.

నా గురించి ప్రెసిడెంట్‌కి ఫోన్ చేసింది నా కంపానియనే. నేను వారం రోజులు అతనితో మాట్లాడలేదు, సిగ్గుపడాల్సిన విషయం. ఒకరి కంటికి ఒకరు కనబడుతూ, మాట వినబడే దూరంలో ఉండాలన్న నియమాన్ని చాలామంది కాపలా అనుకుంటారు. వరదనీళ్లలో మ్యాన్‌హోల్ మూత లేనిచోట పట్టుకునే చెయ్యి అదే. పడకపోతే వారానికోసారి ఇద్దరూ కూర్చుని చెప్పుకునే సమయం ఉంటుంది కదా, దాన్ని మొక్కుబడిగా చేయకండి. గురక, అంట్లు, ఇంటి మీద బెంగ, అన్నీ అందులో పెట్టండి. రాత్రి పదిన్నరకి పడుకున్నాక నిద్ర పట్టక వారాల తరబడి ఏడుపొస్తుంటే అదీ చెప్పాల్సిన జబ్బే.

కుక్క కరిస్తే, గీరినా సరే, 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, అదే రోజు కుక్కకాటు టీకాలు వేసే కేంద్రానికి వెళ్లండి. ఫిలిప్పీన్స్‌లో రేబిస్ ఇంకా ఉంది. వానలో హబల్‌హబల్ మోటార్‌సైకిల్ వెనక ముగ్గురు నలుగురు ఎక్కుతారు, మీరు ఎక్కొద్దు. తిండికి భయపడక్కర్లేదు, వాళ్లదీ మూడు పూటలా అన్నమే. ‘కైన్ పో తాయో’ అంటే ‘రండి, భోంచేద్దాం’. ఆ ‘పో’ మన ‘అండీ’ లాంటిది, అది తెలిసిన తెలుగువాడికి సగం భాష వచ్చినట్టే. వద్దనుకున్న వంటకాన్ని నవ్వుతూ వద్దనండి, ఎవరూ నొచ్చుకోరు.

చివరగా ఇంట్లోవాళ్ల సంగతి. 2019 నుంచి వారానికోసారి, ప్రిపరేషన్ డే (సొంత పనులకి ఇచ్చే రోజు) నాడు, వీడియో కాల్ చేసుకోవచ్చు. అంతకుముందు ఏడాదికి రెండుసార్లే. ఇప్పుడు అలవాటు పడిన అమ్మకి ఒక్క వారం కాల్ రాకపోతే ప్రాణం పోయినంత పనవుతుంది. బయల్దేరే ముందే చెప్పండి: తుఫాను తర్వాత నాలుగైదు రోజులు టవర్లు పనిచేయవు, నా ఫోన్ మూగబోతే అర్థం అదే, ముందు మన ఊరి సంఘం పెద్ద బిషప్‌ని అడుగు, ఆయన కనుక్కుంటారు. మిషన్ ఆఫీసు నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మన టైముకి అక్కడ రెండున్నర గంటలు ముందు, అది కూడా రాయండి. మా అమ్మ మొదటి నెల రోజూ అర్ధరాత్రి దాకా మేలుకుని ఫోన్ పక్కన కూర్చునేదట. లెక్క తిప్పి వేసుకుంది.