గుండె నాళం పుట్టుకతోనే వేరే జాగల ఉన్నోళ్లకు ఎటాక్ వస్తే, యాంజియోకు ముందు జర ఇవి చూడుండ్రి

పాత యాంజియో సీడీ ఇంట్ల ఉంటే 108 ఎక్కేటప్పుడే పట్టుకోవాలె, దేవరకొండ నుంచి నల్గొండ దాంక వచ్చినంక మళ్ల కొడుకును ఇంటికి ఉరికిచ్చుడు వద్దు.

ఈసీజీ, ఆస్పిరిన్ అందరి లెక్కనే. సీటీ స్కాన్ కోసమని నాళం తెరిచే బెలూన్ ఆపొద్దు, దవాఖానకు వచ్చిన 90 నిమిషాలల్ల బెలూన్ వెయ్యాలనే లెక్క వీళ్లకూ అంతే.

కుడి నాళం కనపడకపోతే మూసుకపోయిందని అనుకోవద్దు, ఎడమ సైనస్‌ల (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని అయోర్టా మొదట్ల ఎడమ దిక్కు ఉండే సంచి) గూడ వెతకాలె, జడ్కిన్స్ రైట్ కాథెటర్ (నాళం మూతిల పెట్టే సన్న గొట్టం) కూసోకపోతే పనికొచ్చే ఆంప్లాట్జ్ లెఫ్ట్ కాథెటర్ ముందుగాల్నే టేబుల్ మీద పెట్టుకోండ్రి, పేషెంట్ చెమటలు పట్టి దుప్పటి పిసుకుతుంటే అప్పుడు బీరువా తెరిచి వెతుకుడేంది చెప్పుండ్రి?

వెతికినకొద్ది నాళం కనపడేటందుకు ఎక్కిచ్చే డై ఎక్కువైతది, కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ మీద కన్నుంచాలె.

స్టెంట్ పడ్డంక సీటీ తీపిచ్చాలె, నాళం అయోర్టాకు, ఊపిరితిత్తులకు పోయే పల్మనరీ ధమనికి నడుమ నుంచి పోతుంటే సర్జన్‌కు గూడ చూపియ్యాలె.