గుట్ట మీద కనిపించిన హార్వెస్ట్‌మన్ ఏ జీనస్‌దో గుర్తుపట్టుడు ఎట్ల

మిరుగం దాటి రెండు మూడు గట్టి వానలు పడ్డంక అచ్చంపేట దిక్కు గుట్టల్ల తిరిగితే, వంగిన బండ కింద చల్లటి నీడల నల్లటి వెంట్రుకల ముద్ద లెక్క ఏదో అతుక్కొని కనిపిస్తది. దగ్గరికి పోయి జర ఊపిరి వదిలితే చాలు ఆ ముద్ద మొత్తం ఒక్కసారే కిందికి మీదికి ఊగుతది. అది ముద్ద కాదు, కాళ్ళల్ల కాళ్ళు పెట్టుకొని కూసున్న హార్వెస్ట్‌మన్‌ల గుంపు. మా దగ్గర అందరం సాలెపురుగులే అంటం, నేను కూడా చాన రోజులు అట్లనే అన్న, కానీ ఇవి సాలెపురుగులు కావు, ఓపిలియోనెస్ అని వీటిది వేరే ఆర్డర్, అంటే పెద్ద గుంపే వేరు, ప్రపంచం మొత్తంల ఆరువేల అయిదువందలకు పైనే స్పీషీస్‌కి, అంటే జాతులకి, పేర్లు పెట్టిన్రు.

ముందుగాల అసలు హార్వెస్ట్‌మనేనా అన్నది తేల్చుకోండి. ఇంట్ల బూజుల ఏలాడుకుంట వణికే పొడుగు కాళ్ళ పురుగు సాలెపురుగే, దాని ఒళ్ళు నడుమ సన్నగై రెండు ముక్కలు లెక్క ఉంటది. హార్వెస్ట్‌మన్‌కి నడుము ఉండదు, కందిగింజకు ఎనిమిది కాళ్ళు పెట్టినట్టు ఒకటే ముక్క. కళ్ళు రెండే, అవి కూడా ముందు వైపు వీపు మధ్యల చిన్న దిబ్బ మీద చెరో పక్కకు చూస్తయి. గూడు అల్లదు, దారం తీయదు, విషం గ్రంథులు అసలే లేవు. ప్రపంచంల అన్నిటికంటే విషం ఉన్న పురుగు ఇదేనని ఫార్వర్డ్ మెసేజులు వస్తుంటయి, అది పచ్చి అబద్ధం, దయచేసి ఆ మాట నమ్మి చెప్పుతోని కొట్టకండి.

కాలు పట్టుకొని లేపకండి. కాలు ఊడొస్తది, ఊడినంక కూడా కొంచెంసేపు కొట్టుకుంటది, మళ్ళా మొలవదు. రెండో జత కాళ్ళు అన్నిటికంటే పొడుగు, వాటితోనే చేతికర్ర లెక్క దారి తడుముకుంటది, ఆ జత పోతే దాని బతుకు మస్తు కష్టం. అందుకే నేను మూత ఉన్న పారదర్శక డబ్బా బోర్లిచ్చి, కిందికెళ్ళి అట్ట జరిపి పట్టుకుంట, ఫోటోలు తీసి అక్కడనే వదిలిపెడత. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల మాత్రం డబ్బా కూడా బయటికి తీయొద్దు, పర్మిషన్ లేకుండ ఏ జీవినీ ముట్టుకునేది లేదు, ఫోటోతోనే సరిపెట్టుకోండి.

ఫోటోలు నాలుగు కావాలె. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముందు నుంచి మొఖం, ఇంక కాలి చివర. ఫోన్‌కి క్లిప్ మాక్రో లెన్స్ చాలు, పక్కన గ్రాఫ్ పేపర్ ముక్క పెడితే సైజు తెలుస్తది. చాన మంది పైనుంచి ఒకటే తీసి పేరు చెప్పమంటరు, దాంతోని ఎవ్వరూ చెప్పలేరు.

ఎందుకంటే సబ్ఆర్డర్, అంటే ఆర్డర్ లోపలి గుంపు, తేలేది మొఖం కాడ, కాలి గోరు కాడ. మొత్తం నాలుగు సబ్ఆర్డర్లు. నోటి పక్కన ఉండే చిన్న చేతులు, అంటే పెడిపాల్ప్‌లు, కాళ్ళ లెక్కనే సన్నగ ఉండి చివర గోరు ఉంటే యూప్నోయ్, బండ కింద ఊగే మన పొడుగు కాళ్ళవి ఇవే. ఆ గోరు లేకనో మరీ చిన్నగైపోయో ఉండి, పెడిపాల్ప్ మీద జిగురు వెంట్రుకలు ఉంటే డిస్ప్నోయ్. ఒళ్ళు గట్టిగ పెంకు లెక్క ఉండి, ఎనక రెండు జతల కాళ్ళకు ఒక్క గోరు కాకుండ జంట గోర్లు ఉంటే లానియాటోరెస్, వీటిల చాన వాటికి పెడిపాల్ప్‌లు ముండ్లతోని బలంగ ఉంటయి, రాళ్ళు తిప్పితే కనపడేవి ఎక్కువ ఇవే (తిప్పిన రాయిని మళ్ళా ఎట్లున్నదో అట్లనే పెట్టండి). నాలుగోది సైఫోఫ్తాల్మి, చిన్నగ గోమారి లెక్క ఉంటయి.

ఇంక జీనస్, అంటే దగ్గరి చుట్టాలైన స్పీషీస్‌ల గుంపు. అసలు చిక్కంత ఇక్కడనే. మన దేశంల పొడుగు కాళ్ళ వాటిల గాగ్రెల్లా అనే పేరు ఎక్కువ ఇనపడతది, దానికి ఆ పేరు పెట్టింది స్తోలిచ్కా, 1869ల, ఆయన కలకత్తల జియలాజికల్ సర్వేల పనిచేసేటోడు. తర్వాత 1923ల రోవర్ అనే జర్మన్ ఆయన ప్రపంచంల హార్వెస్ట్‌మన్‌లన్నిటినీ ఒక పెద్ద పుస్తకంల సర్దిండు, సర్దుడు ఎట్లంటే వీపు మీద ముల్లు ఉందా, తొడల ఎన్ని ముడులున్నయి, కాలి చివర ఎన్ని కణుపులున్నయి అని లెక్కవెట్టుకుంట. లెక్క సులువే, కానీ ఆ ముడుల సంఖ్య ఒక్కోసారి ఒకటే స్పీషీస్‌ల కూడా మారుతది, దాంతోని చుట్టాలు కానివి ఒక ఇంట్ల పడ్డయి, అన్నదమ్ములు వేరే ఇండ్లల్ల పడ్డరు. ఇప్పుడు మగదాని జననాంగం ఆకారం, డీఎన్ఏ చూసి మళ్ళ సర్దుతున్నరు. కాబట్టి ముల్లు ఒక్కటి చూసి గాగ్రెల్లా అని రాయకండి, జీనస్ కంటే పై గుంపు ఫ్యామిలీ, దాని కాడ ఆపినా తప్పు లేదు.

కొండ జీనస్‌ని ఎట్ల విడదీస్తరో చూడాలంటే ఇస్కిరోప్సాలిస్ మంచి ఉదాహరణ. 1839ల కోఖ్ పేరు పెట్టిండు, యూరప్‌ల పిరనీస్, ఆల్ప్స్, కార్పేథియన్ కొండల్ల తడి నాచు కింద, పడ్డ మానుల కింద, కొన్ని గుహలల్ల ఉంటది. నల్లటి ఒళ్ళు, నోటి ముందర పట్కార్లు ఒంటి కంటే పొడుగు, వాటితోని నత్త చిప్పను పగలగొట్టి తింటది. అంత పెద్ద పట్కార్లు చూసినంక ఇంక డౌటేముంది అనుకుంటం, కానీ అమెరికా పడమటి దిక్కు టారాకస్ అని ఇంకో జీనస్ ఉంది, దానికి కూడా అంతే పొడుగు పట్కార్లు. కొట్టొచ్చినట్టు కనిపించే ఒక్క గుర్తు మీద ఆనకూడదనేది అందుకే. ఇస్కిరోప్సాలిస్‌ల స్పీషీస్ తేల్చాలంటే మగదాని పట్కారు మొదటి ముక్క మీది ఉబ్బు, దాని మీది వెంట్రుకలు చూస్తరు, ఆ ఉబ్బుల గ్రంథి ఉంటది, జత కట్టే ముందు ఆడది దాన్ని రుచి చూస్తది. ఆడవాటితోని, పిల్లలతోని స్పీషీస్ చెప్పుడు చాన కష్టం. పిల్లదా పెద్దదా అన్నది ఎక్కడైనా ఒకటే తీరు, ఒళ్ళు తిప్పి కింద చూడాలె, పెద్దదానికి జననాంగం మీద మూత లెక్క ఉండే పలక అంచు విడిగ కనిపిస్తది, పిల్లకు అది అతుక్కొనే ఉంటది.

కొండ వాటిల ఒక్కో కొండకు ఒక్కో స్పీషీస్ ఎందుకుంటదంటే, ఇవి ఎగరలేవు, సాలెపురుగు పిల్లల లెక్క దారం పట్టుకొని గాలిల పోలేవు, ఎండ తగిలితే ఎండిపోతయి. రెండు తడి గుట్టల నడుమ పొడి మైదానం ఉంటే వాటికి అది సముద్రమే. మనకాడ రాచకొండ గుట్టలకు, దేవరకొండ ఖిల్లాకు, నల్లమలకు నడుమ ఎంత చెల్క ఉందో ఒకసారి చూడండి. అందుకే ఫోటో కింద ఉత్త నల్గొండ జిల్లా అనో మహబూబ్‌నగర్ అనో రాస్తే ఎందుకూ పనికిరాదు. ఏ గుట్ట, లొకేషన్ పిన్, ఎంత ఎత్తు, బండ ఏ దిక్కుకు ఉంది, నీళ్ళకు ఎంత దూరం, తేదీ, టైము, ఒక్కటే ఉందా గుంపు ఉందా, అన్నీ అక్కడ నిలబడే రాసుకోండి, ఇంటికి వచ్చినంక రెండు గుట్టల ఫోటోలు కలిసిపోతయి.