పాపను వేరే గదిలో ఎప్పటి నుంచి పడుకోబెట్టాలి?

ఆరు నెలలు నిండేవరకు అసలు ఈ ఆలోచనే పెట్టుకోకండి. అప్పటిదాకా బిడ్డ మీ గదిలోనే, మీ మంచానికి దగ్గరగా, కానీ తన సొంత క్రిబ్‌లో, అంటే చుట్టూ కమ్మీలున్న పిల్లల మంచంలో పడుకోవాలి, పగటి నిద్రల్లో కూడా వీలైనంతవరకు మీ కళ్ల ముందే ఉండాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేదీ, బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెప్పేదీ ఇదే. నిద్రలో ఉన్నట్టుండి, ఏ కారణమూ తెలియకుండా పసిపిల్లల ప్రాణం పోయే సిడ్స్ ఎక్కువగా ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య జరుగుతుంది, అలాంటి మరణాల్లో 90 శాతం ఆరు నెలల లోపువే. పక్క గదిలోంచే పాపను చూసే, వినే బేబీ మానిటర్ కొన్నాం కదా అని మూడో నెలలోనే మార్చేస్తుంటారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి, మానిటర్ పెట్టడం వల్ల ఈ ప్రమాదం తగ్గుతుందని చెప్పడానికి ఆధారం లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ఆరు నెలలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో మీ పిల్లల డాక్టర్‌నే అడగండి.

మరి ఏడాది వరకు ఉంచాలంటారేంటి అని మీకు అనుమానం రావచ్చు. ఆ అకాడమీయే 2016లో వీలైతే ఏడాది, కనీసం ఆరు నెలలు అంది, 2022లో మార్చిన సూచనల్లో కనీసం ఆరు నెలలు అని మాత్రమే ఉంచింది. అందుకే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. నా ఉద్దేశంలో ఆరు నెలల తర్వాత ఇక వయసు లెక్క వదిలేసి, మీ ఇంట్లో రాత్రులు ఎలా గడుస్తున్నాయో చూసి నిర్ణయించుకోవాలి.

ముందు పాల సంగతి చూడండి. రాత్రికి ఇంకా రెండు మూడుసార్లు లేచి పాలు తాగే బిడ్డను పక్క గదికి మారిస్తే ఆ తిరుగుడంతా మీ నెత్తినే పడుతుంది, పైగా నిద్రమత్తులో అక్కడే సోఫాలోనో రిక్లైనర్‌లోనో కూర్చుని పాలిస్తూ ఇద్దరూ నిద్రపోయే ప్రమాదం ఉంది, పసిబిడ్డతో సోఫాలో నిద్రపోవడం ఒకే మంచం మీద పడుకోవడం కంటే కూడా చాలా ప్రమాదకరం. పాలు ఒక్కసారికి తగ్గేదాకా ఆగితే ఏమీ పోదు.

తర్వాత, ఎవరు ఎవరిని లేపుతున్నారో గమనించండి. పిల్లలు నిద్రలో మూలుగుతారు, కాళ్లు తన్నుకుంటారు, ఒక్కోసారి కళ్లు మూసుకునే చిన్నగా ఏడుస్తారు. మనం గబుక్కున లేచి ఎత్తుకుంటాం, అప్పటిదాకా నిజానికి నిద్రలోనే ఉన్న పాప అప్పుడు పూర్తిగా మేలుకుంటుంది! ఈసారి చప్పుడు వినగానే ఒక్క నిమిషం ఆగి, కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా చూడండి. తనంతట తనే సర్దుకుని పడుకుంటోందంటే, మీరు పక్కకు దొర్లినప్పుడల్లా, దగ్గినప్పుడల్లా ఉలిక్కిపడుతోందంటే, వేరే గది ఇద్దరికీ మేలు చేయవచ్చు. 2017లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, తొమ్మిది నెలల వయసులో తల్లిదండ్రుల గదిలో పడుకునే పిల్లల కంటే సొంత గదిలో పడుకునేవాళ్లు రాత్రి ఎక్కువసేపు నిద్రపోయారు. అలాగని మీ పాపా అలాగే పడుకుంటుందని లెక్కేసుకోకండి.

ఇక సమయం. ఎనిమిది, పది నెలలప్పుడు చాలామంది పిల్లలకు అమ్మ కనిపించకపోతే భయం మొదలవుతుంది, గది దాటితే చాలు ఏడుపు. అందుకే మార్చాలనుకుంటే దానికి ముందే, ఆరు ఏడు నెలల్లో కాస్త తేలిక. అది దాటిపోయిందా, తొందరేం లేదు, ఆ దశ తగ్గాక చూడొచ్చు. జ్వరం, పళ్లు రావడం, డేకేర్‌లో చేర్చడం, ప్రయాణం, వీటిలో ఏదున్నా ఆ వారం వద్దు. ఇంకో బిడ్డ పుట్టబోతుంటే మాత్రం కాన్పుకు రెండు మూడు నెలల ముందే కానివ్వండి, లేకపోతే తమ్ముడో చెల్లో వచ్చి నా చోటు లాక్కున్నారని పెద్దబిడ్డకు అనిపిస్తుంది.

గది సిద్ధం చేయడంలో మాత్రం రాజీపడకండి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి, అరచేత్తో నొక్కి వదిలితే గుంట పడకూడదు. క్రిబ్‌లో పరుపుకు బిగుతుగా తొడిగిన షీటు తప్ప దిండు, బొమ్మ, చుట్టూ కట్టే మెత్తలు, కప్పే దుప్పట్లు ఏవీ వద్దు, ఏడాది నిండేదాకా వెల్లకిలే పడుకోబెట్టాలి. తర్వాత మీరు క్రిబ్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేయి చాచి చూడండి: కర్టెన్ తాడు అందుతోందా? ఛార్జర్ వైరు? మానిటర్ వైరు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. బీరువా, అల్మరా గోడకు బిగించండి. తనంతట తను లేచి కూర్చుంటున్న బిడ్డకు పరుపు ఎత్తు తగ్గించాలి, పట్టుకుని నిలబడే సమయానికి అది అన్నింటికంటే కింది మెట్టుకు రావాలి.

మార్చడం ఒక్క రాత్రిలో వద్దు. కొన్నాళ్లు పగలు ఆ గదిలో ఆడించండి, పగటి నిద్ర అక్కడే అలవాటు చేయండి. రాత్రి స్నానం, పాలు, పాట ఏ వరుసలో ఉండేవో అలాగే ఉంచండి, గది ఒక్కటే మారాలి. మొదటి కొన్ని రాత్రులు మీరు అదే గదిలో కింద పరుపు వేసుకుని పడుకుంటే పాపకూ ధైర్యం, మీకూ టెన్షన్ ఉండదు. మధ్యలో లేస్తే వెళ్లి, లైటు వేయకుండా మెల్లగా జోకొట్టి రండి.

రెండు వారాలైనా ఏడుపు తగ్గకపోతే, లేదా మీరే రాత్రంతా మానిటర్ చూస్తూ మేలుకుంటుంటే, క్రిబ్ మళ్లీ మీ గదిలోకి తెచ్చేసి రెండు నెలల తర్వాత చూడండి. ఒంట్లో బాగాలేని రోజుల్లోనూ అంతే, బిడ్డను మీ మంచం మీదికి కాకుండా క్రిబ్‌నే మీ గదిలోకి తెచ్చుకోండి, తగ్గాక ఒకటి రెండు రోజుల్లోనే తిరిగి తన గదిలో పెట్టేయండి.