బోన్సాయ్ పాఠం 6: మోడుకి ఇగుర్లు వచ్చాయి, ఇక కత్తెర దాచండి

ఈసారి మొదటి కొమ్మ ఎక్కడ ఉంచాలో చెబుదామనుకున్నాను. అది వచ్చే పాఠానికి జరిగింది. కారణం మీ ప్రశ్నలే. మృగశిర కార్తెలో ఫైకస్ (మర్రి, రావి, జువ్వి జాతి) మానుని 10 సెం.మీ. ఎత్తున కోయమంటే అందరూ బాగానే కోశారు. పని చెడింది ఆ తర్వాతి ఎనిమిది వారాల్లో. అవే నాలుగైదు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి నాకు బొత్తిగా గిట్టనిది. దాని సంగతి చివర్లో తీరిగ్గా చూద్దాం.

ముందు, మోడు కుళ్లిపోయిందన్నవాళ్లకి. "కోశాక నీళ్లు తగ్గించండి" అని పోయినసారి ఒక్క ముక్కతో సరిపెట్టాను, అది చాలలేదు. వేర్లు పీల్చే నీటిలో దాదాపు అంతా ఆకుల నుంచే ఆవిరైపోతుంది. ఆకులే లేనప్పుడు రోజూ చెంబుడు పోస్తే ఆ తడి కుండీలోనే నిలిచి, గాలి అందక వేర్లు నల్లబడతాయి. అగరుబత్తి కాలిపోయాక మిగిలే పుల్లని 2 అంగుళాల లోతుకి గుచ్చి పది నిమిషాలు ఉంచండి. తడిగా బయటికొస్తే ఆ రోజు నీళ్లు వద్దు. వానలు పడుతుంటే కుండీని చూరు కిందికి జరపండి. ఇగుర్లు ఒక్కోదానికి ఐదారు ఆకులు విప్పుకున్నాక మామూలుగా పోయవచ్చు. ఎరువు కూడా అప్పుడే మొదలు: 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకి 2 గ్రాములు, 10 రోజులకోసారి. ఇంకా ఇగురు రాలేదనేవాళ్లు బెరడుని గోటితో గీరి చూడండి. కింద పచ్చగా ఉండి పాలు కారితే మొక్క బతికే ఉంది, వదిలేయండి.

కాగితం పువ్వుని జువ్విలాగే కోసినవాళ్లు కొందరున్నారు. పాఠం ఫైకస్‌ల గురించి అని రాశాను కదా! సరే, కోసేశారు కాబట్టి: కాగితం పువ్వుకి కోత దగ్గర నుంచి కిందికి కొంత దూరం ఎండిపోవడం సహజం. అందుకే దాన్ని కావలసిన చోటుకి 2 సెం.మీ. పైనే కోసి, ఎండాల్సినంత ఎండనిచ్చి, తర్వాతి ఏడాది ఆ ఎండు ముక్క తీయాలి. దాని కలప మెత్తన, తడి తగిలితే పుచ్చిపోతుంది. కాబట్టి కోతకి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు పొడిని కొద్దిపాటి నీళ్లతో ముద్దగా కలిపి పూయండి. ఫైకస్‌లకైతే పెన్సిలంత గాయానికి ఏమీ అక్కర్లేదు. నీళ్లు చిలకరిస్తే పాలు ఆగి పైన పొర కడుతుంది. (ఆ పాలు కంట్లో పడితే మంట పుడుతుంది, పని అయ్యాక చేతులు కడుక్కోండి.)

ఇంకొకటి, ఏటవాలు కోత. పూర్తయిన చెట్ల బొమ్మల్లో మాను మలుపు దగ్గర కోత ఏటవాలుగా ఉండటం చూసి, మొదటి రోజే అలా కోసేశారు. ఏటవాలుగా కోసేది రెండో దఫాలో. మొదటి రోజు ఇగురు ఎక్కడ వస్తుందో మనకి తెలియదు. ఏటవాలు కొన దగ్గర వస్తుందని ఆశపడితే అది రెండు వేళ్ల కిందో, వెనకవైపో వస్తుంది. అప్పుడు ఆ వాలు అంతా దండగ, పై ముక్క ఎండుతుంది. అందుకే అడ్డంగా కోయమన్నాను. ఇగురు వచ్చి, కొత్త కాండం మోడులో మూడో వంతు లావయ్యాక, దాని మొదలు వెనక నుంచి ఎదుటివైపు కిందికి ఏటవాలుగా కోయాలి. అప్పటికి కొత్త కాండం బలంగా లాగుతూ ఉంటుంది కాబట్టి గాయం అంచుల నుంచి బెరడు తొందరగా పాకుతుంది. తొందరపడ్డవాళ్లు ఇప్పుడు చేయగలిగింది ఒకటే, వచ్చిన ఇగురుకి ఒక వేలెడు పైన మళ్లీ అడ్డంగా కోయండి.

ఇక ఇగుర్ల ఎంపిక. కోత అంచు చుట్టూ కిరీటంలా ఎనిమిదో పదో ఇగుర్లు వచ్చి ఉంటాయి. వాటన్నిటినీ ఉంచేసి "గుబురుగా బాగుంది" అని మురిసిపోతున్నారు. ఒకే ఎత్తున నాలుగు కొమ్మలున్నా ఆ చోట కలప ఉబ్బుతుంది, ఎందుకంటే ప్రతి కొమ్మా తన మొదట్లో తన కలప తానే పోసుకుంటుంది. రెండేళ్లలో మాను మీద భీముడి గద తలకాయ తయారవుతుంది. కింద సన్నం, పైన లావు. ఆ ఉబ్బు వచ్చాక తగ్గదు, దాని కిందికి కోసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఈ వానాకాలంలో కోసినవాళ్లకి ఇంకా ముంచుకు రాలేదు, ఇవాళే తీసేయవచ్చు.

ఇగుర్లు నాలుగైదు అంగుళాలు రాగానే మూడింటిని ఉంచి మిగతావి మొదలంటా తీయండి. ఫైకస్‌లో మొరటు మొటిమలు మిగల్చకండి, వాటి నుంచి మళ్లీ ఇగుర్లు వస్తాయి. మూడింటిలో ఒకటి కొత్త మాను అవుతుంది, ఒకటి కొమ్మ, ఒకటి మొదటిది విరిగితే దాని స్థానంలోకి. మానుగా ఎంచుకునేది సరిగ్గా కోత అంచున పుట్టింది కాకుండా అర అంగుళం కింద పుట్టినదైతే మేలు. మోడు ఎడమకి వాలి ఉంటే కుడివైపు ఇగురుని తీసుకోండి, మానుకి వంపు దానంతటదే వస్తుంది. అది బలహీనంగా ఉన్నా సరే, దిక్కు బాగుంటే దాన్నే ఉంచుతాను. బలం ఆరు నెలల్లో వస్తుంది, దిక్కు ఎప్పటికీ మారదు.

ఇగురు 15 సెం.మీ. అయి, మొదలు ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకి తిరుగుతుండగా తీగ చుట్టాలి. కొమ్మ లావులో మూడో వంతు మందం ఉన్న అల్యూమినియం తీగ చాలు. 6 మి.మీ. కొమ్మకి 2 మి.మీ. తీగ. మొదటి 3 సెం.మీ.ని పైకి తిప్పడమే ఇక్కడ అసలు పని. ఆ ముక్క ముదిరితే ఇక వంగదు, మాను పక్కకి పొడుచుకొచ్చిన చెయ్యిలా ఉండిపోతుంది. పైభాగాన్ని ఎటు వంచినా పర్వాలేదు, ఎలాగూ కోసేస్తాం. వానాకాలంలో ఫైకస్‌లకి నాలుగో వారంనుంచే తీగ బెరడులో దిగడం మొదలవుతుంది. మూడో వారం నుంచి వారానికోసారి చూడండి. తీసేటప్పుడు తీగని విప్పకండి, ముక్కలుగా కత్తిరించండి.

ఇప్పుడు గిల్లుడు సంగతి.

కొత్త మాను అర అడుగు పెరగ్గానే చేతులు ఊరుకోవడం లేదు. "బోన్సాయ్ కదా, చిన్నగా ఉండాలి కదా" అని కొన గిల్లేస్తున్నారు. పక్క కొమ్మలు వస్తే వాటి కొనలూ గిల్లుతున్నారు. మూడు నెలలకి అర అడుగు ఎత్తున ఆకుల బుట్ట తయారవుతోంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ లోపల కాండం అగ్గిపుల్లంత, దాని కింద మణికట్టంత మోడు. పదేళ్లు గిల్లుతూ కూర్చున్నా ఆ రెంటికీ పొత్తు కుదరదు.

మాను లావెక్కేది బెరడుని అంటుకుని లోపల ఉండే పలుచటి పచ్చి పొర వల్ల. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు గుండా కిందికి దిగుతూ ఆ పొరని మేపుతుంది. అంటే కాండంలో ఏ చోటు లావెక్కాలన్నా దాని పైన ఆకు ఉండాలి, పెరుగుతూ ఉండాలి. పెరుగుతున్న కొన నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే రసమే ఆ పొరని కలప చేయమని పురమాయిస్తుంది. పక్క మొగ్గల్ని నిద్రపుచ్చేదీ అదే. కొన గిల్లితే పక్క మొగ్గలు లేస్తాయి, నిజమే. దానితో పాటు లావెక్కే పనీ కుంటుపడుతుంది. గిల్లడం అనేది కొమ్మలు చీల్చే పని. మాను కట్టే పని కాదు. రెండూ ఒకేసారి జరగవు.

పక్కపక్కన రెండు కుండీలు ఊహించుకోండి. ఒకదానిలో కొత్త కాండాన్ని ముట్టుకోలేదు. అది నాలుగడుగులు సాగి, ఒరిగిపోయి, వికారంగా ఉంది. రెండోదాన్ని నెలకోసారి గిల్లి అరడుగులోనే ఉంచారు. ఏడాది తర్వాత మొదటిదాన్ని 7 సెం.మీ. దగ్గర కోస్తే మిగిలేది బొటనవేలంత కాండం. రెండోదానిలో మిగిలేది పెన్సిలు. ఆ నాలుగడుగుల పొడవు చెట్టు కోసం కాదు, ఆ 7 సెం.మీ. కోసం. అది కూలికి వచ్చింది, పని అవగానే పోతుంది.

ఈ గిల్లుడు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మీరు చూసే వీడియోల్లో ఎక్కువ భాగం జపాన్ మేపుల్, పైన్ చెట్లవి, అదీ మాను కట్టడం ఎప్పుడో పూర్తయినవి. వాటికి కొన గిల్లడం చివరి మెరుగు. మన వాతావరణానికి దగ్గరి పద్ధతి చైనా దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టిన లింగ్నాన్ పద్ధతి: పెంచు, కోయి, మళ్లీ పెంచు. వేడి, వాన ఉన్నచోట చెట్టు ఆగకుండా పెరుగుతుంది కాబట్టి అక్కడ వాళ్లు తీగ కంటే కత్తెరని నమ్ముకున్నారు. కానీ ఆ కత్తెర ఏడాదికి ఒకటి రెండుసార్లే బయటికొస్తుంది.

లెక్క ఇలా పెట్టుకోండి. మొదలు దగ్గర మాను 5 సెం.మీ. మందం ఉంటే చెట్టు మొత్తం ఎత్తు దానికి ఆరింతలు, 30 సెం.మీ. మోడు 10 సెం.మీ. ఉంది. దాని మీద కొత్త కాండం, అతుకు దగ్గర 3 సెం.మీ. మందం వచ్చేదాకా వదిలేసి, అప్పుడు 7 సెం.మీ. దగ్గర కోయాలి. దాని మీద వచ్చేది 2 సెం.మీ. అయ్యాక 5 సెం.మీ. దగ్గర. ఆ పైన 12 మి.మీ. అయ్యాక 4 సెం.మీ. దగ్గర. మిగిలిన 4 సెం.మీ. ఆకుల కొప్పు. ప్రతి ముక్కా కింది ముక్క కంటే పొట్టి, సన్నం. చిల్లులు పెట్టిన పెద్ద ప్లాస్టిక్ బేసిన్‌లో మొదటి ముక్కకి రెండు మూడు వానాకాలాలు, నేలలో అయితే అంతకంటే తక్కువ. బోన్సాయ్ పళ్లెంలో పెట్టారంటే ఎప్పటికీ కాదు. పళ్లెంలోకి ఇప్పుడే మార్చినవాళ్లు వెనక్కి మార్చండి.

"పైన అంత గుబురు పెరిగితే కింద ఉంచుకున్న కొమ్మకి ఎండ తగలదు కదా" అన్న ప్రశ్న మాత్రం మంచిది. కొత్త కాండానికి కింది సగంలో ఆకుల్ని తొడిమ మిగిల్చి కత్తిరించండి, పక్క కొమ్మలుంటే తీసేయండి. కొన దగ్గర పిడికెడు ఆకులు, పెరిగే మొగ్గ ఉంటే చాలు. ఆకులు నిలువుగా ముడుచుకుని లోపల నల్లటి సన్న పురుగులు కనిపిస్తే అవి తామర పురుగులు. ముడుచుకున్న ఆకుల వరకే తుంచి, వేపనూనె లీటరుకి 5 మి.లీ., కాస్త సబ్బు కలిపి కొట్టండి. ఆ వంకతో కొన తుంచకండి.

గిల్లడానికి రోజు వస్తుంది, చివరి ముక్క పూర్తయ్యాక. అప్పుడు కొమ్మకి 6 నుంచి 8 ఆకులు రానిచ్చి 2 ఆకులు మిగిలేలా కోయాలి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. ఫిబ్రవరి చివర, జూన్ చివర, సెప్టెంబరులో, ఏడాదికి మూడు కోతలు పడతాయి. కాగితం మీద నాలుగేళ్లకి వేల కొమ్మలు లెక్క తేలుతాయి, లోపలికి ఎండ దూరక సగం ఎండిపోతాయి. ఆ పాఠం దూరంలో ఉంది.

జాతుల తేడాలు క్లుప్తంగా. రావి ఆకు ఎంత చేసినా పెద్దదే, కాడ పొడుగు, అరడుగు చెట్టుకి నప్పదు, రెండడుగులు అనుకుంటేనే పెట్టుకోండి. మర్రి ముదురు కొమ్మల్లో ఆకులన్నీ తీసేస్తే కొన్ని కొమ్మలు ఎండుతాయి, ఒకటి రెండు ఆకులు ఉంచండి. చింతకి ఇదే లెక్క, సమయం రెట్టింపు. దానిమ్మ కొత్త రెమ్మల కొనల్లో పూస్తుంది, గిల్లితే పూలు పోయినట్టే. జునిపర్‌లో పచ్చదనం లేని కొమ్మ మళ్లీ చిగురించదు, ఈ పాఠంలోది ఏదీ దానికి పనికిరాదు.

అభ్యాసం. కొత్త కాండం మోడుకి అతికే చోటుకి వేలెడు పైన సున్నం చుక్క పెట్టండి. ప్రతి ఆదివారం అక్కడ దారం చుట్టి, స్కేలు మీద పరిచి చుట్టుకొలత రాసుకోండి. 3 సెం.మీ. మందం అంటే చుట్టుకొలత దాదాపు 9.4 సెం.మీ. రెండేళ్లో మూడేళ్లో పడుతుంది. దీపావళి దాకా ఏ వారమూ మానకండి, ఆ తర్వాత నెలకోసారి చాలు. చలిలో అంకె కదలకపోతే కంగారు పడకండి, ఫిబ్రవరిలో మళ్లీ కదులుతుంది. ఈ మధ్యలో కొన గిల్లితే ఆ తేదీ పక్కన అదీ రాయండి, తర్వాతి ఆరు వారాల అంకెలు చూడండి.

వచ్చే పాఠానికి ముందు మీ మోడుని నాలుగు వైపుల నుంచీ పెన్సిలుతో గీసి ఉంచుకోండి, మొదటి కొమ్మకి అది కావాలి.