వానల తర్వాత ముసలి కుక్కతో చెట్ల బాటన నడక: ముందు చూసుకోవాల్సినవి

వానలు తగ్గి కార్తీకం దగ్గరపడితే నీడన నడవడానికి హాయిగానే ఉంటుంది. కానీ గడ్డి మోకాళ్లదాకా పెరిగి, పిడుదులు, పాములు ఎక్కువగా కనిపించే రోజులూ ఇవే. లాబ్రడార్ లాంటి పెద్ద జాతులకు 7 ఏళ్లు, చిన్న జాతులకు 10 ఏళ్లు దాటితే ముసలివనే అనుకోండి.

ముందు చోటు. అభయారణ్యాలు, జాతీయ పార్కుల వైపు వెళ్లొద్దు. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నా కేబీఆర్ కూడా జాతీయ పార్కే. కుక్కలకు సోకే డిస్టెంపర్ అడవి జంతువులకూ పాకుతుంది, 2018లో గిర్ సింహాలను బలితీసుకున్న వైరస్ అదే. సరుగుడు, నీలగిరి తోటల్లోని చదునైన బండిబాట చాలు, తోట యజమానికి చెప్పి వెళ్లండి. వదులు ఇసుక మాత్రం వద్దు, కాళ్లు కూరుకుపోయి తుంటి కీళ్ల మీద భారం పడుతుంది.

అసలు పొరపాటు దూరం దగ్గర జరుగుతుంది. ముసలి కుక్క మీరు నడిచినంతసేపూ వెంట వస్తుంది, మర్నాడు లేవలేదు. వీధిలో అరగంట సులువుగా నడిచే కుక్కకు మట్టిబాటన మొత్తం 20 నిమిషాలు చాలు. ఎనిమిదో నిమిషానికే వెనక్కి తిరగండి, తిరుగుదారిలో ఎలాగూ నెమ్మదిస్తుంది. వెనక కాళ్ల గోళ్లు నేలకు రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తే అక్కడే ఆగండి. 30 కిలోల కుక్కను ఒక్కరే మోయలేరు, ఇద్దరు వెళ్లి ఒక దుప్పటి దగ్గర పెట్టుకోండి.

చల్లగా ఉంటుందని చీకటితోనే బయల్దేరొద్దు. కొండల అంచున చిరుత తిరిగే వేళ అది, కుక్క దానికి సులువైన వేట. ఎండ పొడిచాక వెళ్లి 9 లోపు తిరిగి రండి. చెవుడు వచ్చిన కుక్క పిలిస్తే రాదు కాబట్టి లీష్ (కుక్కను పట్టుకునే తాడు) వదలొద్దు. మెడ బెల్టు బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్, రెండు మీటర్ల లీష్ మేలు. అర లీటరు నీళ్లు, గిన్నె తీసుకెళ్లండి. గుంటల నీళ్లు తాగితే లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల సోకే జబ్బు) భయం. మొరుగు బొంగురుపోయి, గురకలా ఊపిరి తీసే లాబ్రడార్‌ను ముందు డాక్టరుకు చూపించాలి. గొంతులో పక్షవాతం ఉంటే కొద్దిపాటి వేడికే కుప్పకూలుతుంది.

పిడుదుల మాత్ర రెండు రోజుల ముందే వేయించండి. ఫిట్స్ వచ్చే కుక్క అయితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, కొన్ని మాత్రలు వాటికి పనికిరావు. ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద వెతకండి. పిడుదు కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. అక్కడినుంచి మూడు వారాలపాటు గమనించండి: మేత మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కునుంచి రక్తం కారినా టిక్ ఫీవర్ (పిడుదు కాటుతో వచ్చే జ్వరం) పరీక్ష చేయించాలి.

పాము విరుగుడు ఇంజక్షన్ ఏ ఆస్పత్రిలో ఉందో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కాటు పడితే కోయొద్దు, తాడు బిగించొద్దు. నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్లండి.

మర్నాడు కుంటుతోందని ఇంట్లోని పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ వేయొద్దు. ఇబుప్రోఫెన్‌తో కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలూ దెబ్బతింటాయి.