బంద్ 'కాల్డ్ ఆఫ్' అంటే బస్సులు నడుస్తాయి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ కలగాపులగంగా వస్తాయి కాబట్టి చెప్తున్నా. బంద్ మెసేజ్‌లో 'కాల్' అనే ముక్క కనపడగానే పిలుపు అనుకుని ప్రయాణం మానుకోకండి, దాని పక్కన ఏముందో చూడండి. 'కాల్డ్ ఫర్' అని ఉంటే బంద్‌కి పిలుపు ఇచ్చారని, 'కాల్డ్ ఆఫ్' అని ఉంటే ఆ పిలుపు వెనక్కి తీసుకున్నారని, అంటే పాతపట్నంలో పని ఉంటే నిక్షేపంగా వెళ్ళిరావచ్చు.

ఇదే మాట మొదలైపోయిన సమ్మె గురించి వస్తే విరమించారని అర్థం, పెళ్ళి గురించి వస్తే రద్దయిందని. వాయిదాకి మాత్రం వాడకూడదు, దానికి 'పుట్ ఆఫ్' ఉంది. ఇంటర్వ్యూ 'పుట్ ఆఫ్' అయితే ఇంకో తేదీ కోసం చూడొచ్చు, 'కాల్ ఆఫ్' అయితే ఇక లేనట్టే. పెళ్ళి వారం వాయిదా పడిందని చెప్పబోయి 'ద వెడ్డింగ్ ఈజ్ కాల్డ్ ఆఫ్' అని పెట్టారో, బరంపురం నుంచి విజయనగరం దాకా చుట్టాలందరికీ ఫోన్లో సంజాయిషీ చెప్పుకోవాలి!

రాసేటప్పుడు 'ఇట్' మధ్యలో రావాలి: 'కాల్ ఇట్ ఆఫ్' సరైనది, 'కాల్ ఆఫ్ ఇట్' తప్పు. 'ద మీటింగ్' లాంటిదైతే మధ్యలో పెట్టినా చివర పెట్టినా ఫర్వాలేదు. అన్నట్టు, మీదికొస్తున్న కుక్కని వెనక్కి పిలవమనడానికీ ఇదే, 'కాల్ యువర్ డాగ్ ఆఫ్' అంటారు.