వలసదారుల మీద వార్త వస్తే నమ్మే ముందు ఏం చూడాలి?

"మన ఏరియాలో బంగ్లాదేశీలు చేరారు, జాగ్రత్త" అంటూ ఏదో ఛానల్ క్లిప్పింగ్ బెంగళూరు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోకి వచ్చిందనుకోండి. చదవగానే టెన్షన్ సహజం. అయినా ఫార్వర్డ్ నొక్కకుండా కాసేపు ఆగండి.

మొదటి పని, అందులో ఎవరి గురించి చెబుతున్నారో వాళ్ల మాట ఒక్కటైనా ఉందేమో చూడండి. 2020 జనవరిలో బెళ్లందూరు దగ్గర కరియమ్మన అగ్రహారలో ఉంటున్నది అక్రమంగా వచ్చిన బంగ్లాదేశీలేనని ఒక వీడియో తిరిగింది, టీవీలోనూ వచ్చింది, వారం తిరిగేసరికి గుడిసెలు నేలమట్టం చేశారు. తీరా చూస్తే వాళ్లలో చాలామంది ఉత్తర కర్ణాటక, అస్సాం, త్రిపుర లాంటి చోట్ల నుంచి వచ్చిన కూలీలు. ఆధార్, ఓటరు కార్డులు తీసి చూపించారు. తర్వాత ఆ కూల్చివేతను హైకోర్టు తప్పుపట్టింది, కానీ అప్పటికే పిల్లలతో సహా రోడ్డున పడ్డారు కదా!

రెండోది, వీడియో ఎక్కడిదో, ఎప్పటిదో వెతకండి. ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో ఒక ఫ్రేమ్ పెడితే చాలాసార్లు దొరుకుతుంది. 2023 మార్చిలో తమిళనాడులో బిహార్ కూలీలను చంపేస్తున్నారని వీడియోలు పాకాయి. ఒకటి తిరుప్పూరులో బిహారీల రెండు గుంపులే కొట్టుకున్నది, ఇంకొకటి కోయంబత్తూరులో స్థానికుల మధ్య గొడవ అని డీజీపీ స్వయంగా చెప్పాల్సి వచ్చింది.

నేరం వార్తయితే, నిందితుడి రాష్ట్రం పేరు తీసేసి చదవండి. వార్తకు ఏ లోటూ రాకపోతే, ఆ పేరు హెడ్డింగ్‌లోకి ఎందుకు ఎక్కిందో అడగాలి. ఒకే రకం వార్త రోజూ చూపిస్తే అదే పెద్ద సమస్య అనిపిస్తుంది. మెకోంబ్స్, షా అనే అమెరికా పరిశోధకులు 1972లోనే దీని మీద రాశారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ వార్తలో వాళ్ల బదులు మనల్ని పెట్టి చదవండి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు మన ఛానళ్లు అమెరికాలో ఉన్న పిల్లల గురించి, ఇక్కడి తల్లిదండ్రుల దిగులు గురించి ఎంత ఓపిగ్గా చెప్పాయి! మారతహళ్లిలో చెత్త ఏరే కుటుంబానికీ అప్పులుంటాయి, ఊళ్లో ఎదురుచూసే అమ్మానాన్నలుంటారు. వాళ్ల గురించి ఆ నాలుగు మాటలు లేని వార్తను సగం వార్త అనే అనుకోండి.

ఇక గ్రూపులో వాదనకు దిగొద్దు. "ఇది ఎప్పటిదండీ? పోలీసులు ఏమన్నారు?" అని మర్యాదగా అడగండి, తప్పని తేలితే ఆధారం లింకు అదే గ్రూపులో పెట్టి, పోస్టు తీసేయమని అడ్మిన్‌కు చెప్పండి.